పూజకు పెట్టిన రెండో పుస్తకం

మొన్న అవెన్యూ రోడ్డులో వేయించిన వేరుశనగలు కొంటే, పొట్లం కట్టిన కాగితం ఏదో పెద్ద కంపెనీ వారి వార్షిక లెక్కల పట్టిక. గింజలన్నీ తినేసి, ఉప్పు దులిపి, భూతద్దం పెట్టి చదివినా ఆ కంపెనీ సర్కారుకు పన్ను కట్టిందో ఎగ్గొట్టిందో అంతుపట్టలేదు. ఆ చీమతలకాయ అక్షరాలు చూస్తుంటే యుద్ధకాలం నాటి ఒక ఆయుధపూజ గుర్తొచ్చింది.

కిరోసిను కోసం వరుసలో నిలబడిన ఆ రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. అప్పుడు నేను సైన్యానికి కంబళ్లు నేసే ఒక కంపెనీలో కొత్త గుమాస్తాను, పెద్ద గుమాస్తా మా మేనమామ. ఆయన తలపాగా విప్పితే చిక్కపేట నుంచి కంటోన్మెంటు దాకా పరవవచ్చు. నమ్మకపోతే సగం దూరమే అనుకోండి. ఆయన రాసే పుస్తకాలు రెండు. పన్నుల ఆఫీసుకూ, బోనసు అడిగే నేతగాళ్లకూ చూపేది బక్కది, ఏటా నష్టంతో మూలిగేది. యజమాని ఇనప్పెట్టెలో ఉండే అసలుది ఎంత లావంటే, ఎత్తడానికి ఇద్దరు పహిల్వాన్లూ, మధ్యలో ఒక విడత కాఫీ కావాలి.

మామకు దైవభయం జాస్తి. మగ్గాలూ సుత్తులూ, చివరికి నా విరిగిన పాళీ కూడా కుంకుమ పెట్టించుకుంటుంటే, ఏడాది పొడుగునా నిజం మోసిన పుస్తకం పూజ లేకుండా పెట్టెలో పడి ఉండడానికి ఆయన మనసొప్పలేదు. యజమాని మైసూరు దసరాకు వెళ్లాడన్న ధైర్యంతో రెండూ తెచ్చి, ఆచారం ప్రకారం ఏడాది లెక్క తేల్చిన పుటలు తెరిచి, పక్కపక్కన పెట్టి బొట్టు పెట్టాడు.

పనివాళ్లు వరుసగా వచ్చి ఒక్కొక్క వస్తువునూ కళ్లకద్దుకుని ప్రసాదం తీసుకుంటున్నారు. నూలు చుట్టే ఒక అత్త, మా వీధిలో నాలుగక్షరాలు వచ్చిన మనిషి, పుస్తకాల మీద వంగి, ఎంతకూ లేవలేదు.

“ఏమప్పా, ఒకే ఏడాదికి ఈ పక్క నష్టం ఉండాది, ఆ పక్క ఇంత లాభం ఉండాది. దేవుడికి ఏది చూపిచ్చినావు, సర్కారుకు ఏది చూపిచ్చినావు?”

మామ కుంకుమ చేత్తోనే పుస్తకం మూసేలోగా ఆమె లాభం అంకెను అణాలతో సహా చదివింది. అది నోటినుంచి నోటికి వరుస చివరకూ, అక్కడినుంచి గేటు బయట జట్కావాడికీ, బహుశా అతని గుర్రానికీ చేరింది.

మర్నాటికి లావు పుస్తకం మాయమైంది. కబురంది రాత్రికి రాత్రే తిరిగొచ్చిన యజమాని అరవలేదు, అరిచినా బాగుండేది. మామ భుజం తట్టి, నవ్వుతూ అన్నాడు. “అది నీ పిచ్చి రాతే, కంపెనీకి లాభమే లేదని ఒక కాగితం రాసియ్యప్పా. లేదంటే దుడ్డు నువ్వు మింగినావని నేను రాస్తా.” ఆ తర్వాత మూడు రోజులు యజమాని నల్ల కారు మా గుమ్మం ముందు కదలకుండా నిలబడింది. మామ భార్య జైలుకని రెండు పంచెలు మూటకట్టింది. మామ తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని, సంతకం చేయకుండా కూర్చున్నాడు.

ఊరంతా పాకిన ఆ అంకె చెవిన పడి, నాలుగో రోజు పన్నుల అధికారి వచ్చాడు. అలాంటి పుస్తకం పుట్టనే లేదన్నాడు యజమాని. అధికారి పనివాళ్లను ఒక్కొక్కరినే లోపలికి పిలిచి అడిగితే, అందరూ ఒకే అంకె చెప్పారు, అణాలతో సహా. జట్కావాడైతే అడక్కుండానే వచ్చి చెప్పాడు. కంపెనీ పన్ను కట్టింది. మామకు జైలు తప్పింది, ఉద్యోగం మాత్రం పోయింది. ఊళ్లో మరే కంపెనీ ఆయన్ను గడప తొక్కనివ్వలేదు.

మరుసటి ఏటినుంచి నేను చూసిన ప్రతి కంపెనీలోనూ ఆయుధపూజకు కొత్త పుస్తకాలే పెట్టారు, ఒక్క అంకె లేని తెల్లటి పుటలతో. ఇప్పుడేమో లెక్కలు పత్రికల్లోనే అచ్చవుతున్నాయి, పొట్లాలై చేతికొస్తున్నాయి. వాటి మీద వంగి, నలుగురికీ వినబడేలా అడిగే ఆ నూలు చుట్టే అత్త లేదు. ఉప్పంటిన ఆ కాగితాన్ని పారేయడానికి చెయ్యి రాక, మడిచి జేబులో పెట్టుకున్నాను.