క్లోరిన్ వాసనొచ్చిన బిందె

ఇవాళ పాపని ఈతకి తీసుకెళ్తే స్విమ్మింగ్‌పూల్ దగ్గర గుప్పున క్లోరిన్ వాసన. పాత సంగతొకటి గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

దిల్‌సుఖ్‌నగర్ దోస్తులూ, తెలంగాణ ఉద్యమం రోజుల్లో బంద్‌లు గుర్తున్నాయా? ఒక బంద్ నాడు మాకు ట్యాంకర్ రాలేదు. పక్కింటి యాదమ్మత్త, నల్గొండ ఆవిడ, వాళ్ల సంపులోంచి బిందెడు నీళ్లు తెచ్చిచ్చింది. ఒకటే ఘాటు.

"ఆంధ్రావాళ్లమని ఏం కలిపిందో!" అంటూ అమ్మ మొత్తం మోరీలో పోసేసింది.

బిందె కోసం వచ్చిన అత్త, పారుతున్న నీళ్లు చూసింది.

"పారబోసినవా వదినా? నీ బిడ్డకు మొన్ననే కామెర్లు తగ్గినయని క్లోరిన్ గోలి ఏసిన. మూత తీసి పెడితే వాసన పోతుండె. ఆగు, ఇంకో బిందె తెస్తా."

తెచ్చింది. తనే గ్లాసులో ముంచి నాకిచ్చింది. నీళ్లు అయిపోయినా, ఆవిడ మొహం చూడలేక గ్లాసు దించలేదు నేను.