పసుపు చేతులు

అశోక్ నగర్‌లో గ్రూప్స్‌కి చదువుతున్న రోజుల్లో నాకు సైన్స్ వచ్చునని మహా పొగరు. వెలుతురు మీద పడినంతసేపే వెలిగితే ప్రతిదీప్తి, తీసేశాక కూడా కాసేపు వెలిగితే స్ఫురదీప్తి, మిణుగురుదేమో ఒంట్లోని రసాయనాల వెలుగు. రూములో మిగతా ముగ్గురికీ పాఠం చెప్పేది నేనే.

మాకు వంట చేయడానికి బాగ్ లింగంపల్లి నుంచి ఒకావిడ వచ్చేది. వయసులో బాగా పెద్దదైనా అక్కా అనే పిలిచేవాళ్లం. అమ్మ పంపిన నెయ్యి నా అల్మారాలో రోజురోజుకీ తగ్గుతుంటే నా అనుమానం నేరుగా ఆవిడ మీదికే పోయింది. స్నేహితురాళ్ల మీదికి పోలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

పసుపు హైలైటర్ సిరాని నీళ్లలో కలిపి నెయ్యి సీసా మూతకి పూశాను. చిక్కడపల్లిలో దొంగనోట్లు పట్టే నీలం టార్చి కొన్నాను. మర్నాడు పొద్దున వంట మధ్యలో తలుపులు, కిటికీలు మూసి, ముగ్గుర్నీ పిలిచి, అక్క చేతుల మీద టార్చి వేశాను. వేళ్లు, గోళ్ల సందులు ఆకుపచ్చ కలిసిన పసుపులో మెరిశాయి. మూత మీద సిరా వెలిగేదీ ఆ రంగులోనే.

"చూసిన్రా!" అన్నాను, గెలిచినట్టు.

"అది పసుపు బిడ్డా. ఇప్పుడే కూరల ఏసిన."

సబ్బుతో కడుక్కొచ్చింది. అయినా వెలిగాయి.

"పసుపు యాడనన్న ఎలుగుతదా? నాకు సైన్స్ చెప్పకు" అన్నాను.

ఆవిడ స్టవ్ ఆపేసి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. మిగతా ముగ్గురి చేతులూ చూడాలని నాకు తోచనే లేదు.

సగం ఉడికిన ఆలుగడ్డ కూరని నేనే ముగించాను. ఇంకాస్త పసుపు వేసి, ఎందుకో నా వేళ్ల మీద టార్చి వేసుకున్నాను. అదే వెలుగు. పసుపులోని రంగు కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని మింగి, కనబడే కాంతిగా అప్పటికప్పుడే వదిలేస్తుంది. హైలైటర్ సిరా చేసేదీ అదే. కారణం నాకు కంఠతా వచ్చు. వంటింట్లో ఉన్న ఉదాహరణే తెలియదు.

రూములో ఎవరికీ చెప్పలేదు. పరువు పోతుందని భయం. ఈలోగా ఆవిడ దొంగ అన్న మాట పాకి, అదే బిల్డింగులో అక్క వంట చేసే ఇంకో రెండు రూములవాళ్లూ ఆవిడని మానిపించారు. నెయ్యి ఎవరు తిన్నారో ఇప్పటికీ తెలియదు.

వారం తర్వాత క్షమాపణ చెప్పాలని అడ్రసు కనుక్కుని వెళ్లాను. గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టింది. నేను నోరు తెరిచేలోపే రెండు చేతులూ నా ముందుకి చాపింది.

"మళ్ల ఏం పోయింది బిడ్డా? చూస్కో."