రాజ్యలక్ష్మమ్మ బుట్టాట

కర్నూలు రాజధాని అయిన ఏడాది, శనక్కాయల మండీ కేశవయ్య ఇంటి వెనకనున్న ఖాళీ మైదానంలో రెండు కొయ్య స్తంభాలు పాతారు. పైన పలకలు, పలకలకు ఇనుప కడియాలు, కడియాలకు వలలు. మద్రాసు నుంచి ఆఫీసులతోపాటు వచ్చిన గుమాస్తాలు సాయంత్రాలు పొద్దుపోక మొదలుపెట్టిన బాస్కెట్‌బాల్ అది. ఊరివాళ్లు కొందరు వాళ్లతో కలిశారు. ఊరి ఏటి పేరు మీద హంద్రీ క్లబ్ అని పెట్టుకున్నారు. బంతులు కొనిచ్చినందుకు కేశవయ్యను కమిటీలో వేసుకున్నారు.

కేశవయ్య భార్య రాజ్యలక్ష్మమ్మకు అప్పటికి నలభై రెండేళ్లు. ఒక్క కూతురిని ఆత్మకూరుకు ఇచ్చారు. సాయంత్రం నాలుగున్నరకు మిద్దె మీద ఆరబోసిన మిరపకాయలు ఎత్తడానికి వెళ్లినప్పుడు, పిట్టగోడ మీదినుంచి ఆమె ఆ ఆట చూసేది. మొదట్లో ఎందుకు పరుగెడుతున్నారో, ఎందుకు ఈల ఊదుతున్నారో తెలిసేది కాదు. ఎవరినీ అడగలేదు. బంతిని నేలకు కొట్టకుండా పరుగెత్తకూడదనీ, మామూలుగా వేస్తే రెండు, తప్పుకు బదులు ఇచ్చిన బంతి వేస్తే ఒకటి అనీ చూసి చూసి తనే తెలుసుకుంది. బుట్టాట అనేది దాన్ని. రెండేళ్లు గడిచేసరికి, ఎవరు అలిసిపోయారో నడక చూసి చెప్పగలిగేది. కాని చెప్పడానికి ఎవరూ లేరు. ఆడవాళ్లు మైదానానికి వెళ్లే రోజులు కావు.

యాభై అయిదులో ఆగస్టు నుంచి పోటీలు మొదలయ్యాయి. హంద్రీ క్లబ్ మొదటి మూడు ఆటల్లో ఒకటి గెలిచి రెండు ఓడింది. కమిటీ కంగారుపడింది. అప్పుడే ఒక పుకారు లేచింది. కడపలో ముగ్గురాయి వ్యాపారం చేసే ఒకాయన జట్టు పెట్టాడనీ, హంద్రీ క్లబ్ నుంచి ఓబులేసును తీసుకుంటాడనీ, బదులుగా తన ఆటగాడు ఏసన్నను ఇటు పంపుతాడనీ. ఏసన్న ఆటకు ఇరవై పాయింట్లు వేస్తాడట. అతనికి రాజధాని ఆఫీసులో ఉద్యోగం కూడా కుదిరిందట. పది రోజులు మండీలో ఇదే మాట.

ఓబులేసుది నందికొట్కూరు. ఒక ఆఫీసులో తాత్కాలిక బంట్రోతు. పొట్టి మనిషి. ఎక్కువ పాయింట్లు వేసేవాడు కాదు. వేసేవాడు మారెన్న, ఆరడుగుల కానిస్టేబులు. జనం చప్పట్లు మారెన్నకే. ఓబులేసును పంపి ఏసన్నను తెచ్చుకుంటే లాభమేనని కమిటీలో అందరూ అన్నారు. కేశవయ్య కూడా అన్నాడు. ఆ మాటే అన్నం తింటూ ఇంట్లో చెప్పాడు.

 రాజ్యలక్ష్మమ్మ మజ్జిగ పోసి అంది.

"బుట్టలో ఏసినోడే మీకు అగపడతాడు. వానికి బంతి ఇచ్చినోడు ఎవరో చూసినారా?"

కేశవయ్యకు అర్థం కాలేదు. పోయిన ఆటలో శనక్కాయలు ఒలుస్తూ చూశాననీ, ఓబులేసు ఇచ్చిన బంతి బుట్టలో పడ్డప్పుడల్లా ఒక గింజ పక్కన పెట్టాననీ ఆమె చెప్పింది. మొత్తం పంతొమ్మిది సార్లు బంతి పడితే, అందులో పద్నాలుగు ఓబులేసు చేతిలోంచి వచ్చినవే. అతను పోతే మారెన్నకు బంతి అందించేవాడు ఉండడు, ఏసన్న ఎంత బాగా వేసినా బంతి ఒకటే కదా అంది. నీకు మిరపకాయలు ఎత్తే పని లేదా అని కేశవయ్య నవ్వి లేచాడు. మా ఇంట్లో ఇట్లా అన్నారని కమిటీలో చెప్పడం నామోషీ. చెప్పలేదు.

సెప్టెంబరులో పుకారు నిజమైంది. వెళ్లే ముందురోజు మధ్యాహ్నం ఓబులేసు చెప్పిపోదామని ఇంటిని ఆనుకున్న మండీకి వచ్చాడు. కేశవయ్య తూకం దగ్గర ఉండి, లోపల కూర్చోమన్నాడు. రాజ్యలక్ష్మమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. రెండేళ్లుగా చూస్తున్న మనిషితో ఆమె మాట్లాడడం అదే మొదలు. కడపకు పోవడం ఇష్టమేనా అని అడిగింది.

"ఈడ టెంపరరీ అమ్మా. ఎప్పుడు తీసేస్తారో తెల్దు. ఆడ గుమాస్తా పని ఇస్తాండారు. మా అమ్మను కూడా తోల్కపోవచ్చు."

అది మంచి మాటేనంది ఆమె. నిజంగానే ఆమెకు అట్లా అనిపించింది. తర్వాత, చెప్పాలా వద్దా అనుకుంటూనే చెప్పింది.

"నువ్వు ఎప్పుడు జూసినా ఎడం పక్కకే తిరుగుతావు నాయనా. అందరూ కనిపెట్టినారు. ఈసారి కుడి పక్కకు తిరిగి సూడు."

ఓబులేసు చెంబు పట్టుకుని ఆమెనే చూశాడు. ఎట్లా తెలుసని అడగలేదు. సరేనమ్మా అని నీళ్లు తాగి వెళ్లిపోయాడు.

డిసెంబరులో కడప జట్టు కర్నూలుకు వచ్చింది. మైదానం చుట్టూ మూడు వరసల జనం. రాజ్యలక్ష్మమ్మ ఆ రోజు మిరపకాయల సాకు కూడా పెట్టుకోలేదు. పీట వేసుకుని పిట్టగోడ దగ్గర కూర్చుంది. హంద్రీ తరఫున ఏసన్న జనం అనుకున్నట్లే బాగా ఆడాడు, పద్దెనిమిది పాయింట్లు వేశాడు. మారెన్న మాత్రం చేతులు చాచి నిలబడే చోట నిలబడే ఉన్నాడు. బంతి అతని దాకా రావడమే తక్కువైంది. ఇంకో అయిదు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా ఓబులేసు బంతి తీసుకుని వచ్చాడు. హంద్రీవాళ్లిద్దరు అతని ఎడమవైపు కాశారు. అతను కుడికి తిరిగాడు. దారి ఖాళీ, బంతి నేరుగా బుట్టలో పడింది. మళ్లీ అట్లాగే రెండుసార్లు. కడప మూడు పాయింట్లతో గెలిచింది.

ఓబులేసు మిద్దెవైపు చూడలేదు. ఆట మధ్యలో దిక్కులు చూసే మనిషి కాదతను. తన ఊరి జట్టు ఓడినందుకు ఆమెకు బాధ కలిగింది. అతను కుడికి తిరిగినప్పుడు మాత్రం చేతిలోని పమిట కొంగు గట్టిగా పట్టుకుంది. రెండూ నిజమే.

 ఆ పూట భోజనం దగ్గర కేశవయ్య, ఓబులేసు కుడికి తిరగడం ఎప్పుడు నేర్చినాడో అన్నాడు.

"నేనే చెప్పినా," అంది రాజ్యలక్ష్మమ్మ.

ఆయన ముద్ద కలపడం ఆపాడు. కోప్పడతాడనుకుంది. కోప్పడలేదు. ఇంకా ఏమేం చూశావని అడిగాడు. మారెన్న ఎక్కడ నిలబడాలో, ఏసన్న చేత ఎవరికి బంతి ఇప్పించాలో ఆమె విస్తరి పక్కన నేల మీద వేలితో గీసి చూపింది. జనవరి నుంచి ఆ మాటలు కేశవయ్య కమిటీలో తనవిగా చెప్పడం మొదలుపెట్టాడు. జట్టు ఆరు ఆటల్లో నాలుగు గెలిచింది. కేశవయ్యకు ఆట మీద శానా పట్టుండాదని మండీ బజారులో అనుకున్నారు. ఆమె అది విని, నాలుగున్నరకు మళ్లీ మిద్దెక్కేది.

ఆ ఏడాదే నవంబరులో రాజధాని హైదరాబాదుకు పోయింది. ఫైళ్ల పెట్టెలు లారీలకెక్కాయి. ఆటగాళ్లలో సగంమంది ఆ పెట్టెల వెంటే పోయారు, ఏసన్నతో సహా. మారెన్నను కొంతకాలానికి ఇంకో స్టేషనుకు మార్చారు. కాలేజీ పిల్లలు ఒక ఏడాది ఆడి మానుకున్నారు. యాభై ఎనిమిదిలో ఆ స్థలంలో పత్తి గోడౌను కట్టారు. దాని గోడ మిద్దె కన్నా ఎత్తు.

ఆ తర్వాత రాజ్యలక్ష్మమ్మ మిరపకాయలు ముందు వాకిట్లోనే ఆరబోసేది. మోకాళ్లు నొప్పులు, మెట్లెక్కలేనని చెప్పేది.