పైడయ్య దవడ, పచ్చి నువ్వుల ముద్ద

గంగాలమ్మ మొగుడు పైడయ్య రేవులో నిలబడి కేకేస్తే, లంగరేసిన బోట్లలో పడుకున్నవాళ్ళు లేచి కూర్చునేవారు. అలాంటి మనిషి నోటికి తీగలు పడ్డాయి.

ఎనభై ఒకటో సంవత్సరం, చలికాలం. సముద్రం మీద వేటలో వించి యంత్రంతో వల లాగుతుండగా దాని తాడు తెగి విసురుగా వచ్చి దవడ మీద కొట్టింది. ఎముక రెండు చోట్ల విరిగింది, ఒక పన్ను ఊడిపోయింది. పెద్దాసుపత్రిలో పై పళ్ళనీ కింది పళ్ళనీ సన్నటి తీగలతో కలిపి బిగించి కట్టారు. ఎముక అతుక్కునేదాకా నోరు తెరవడానికి లేదు. ఊడిన పన్ను సందులో రబ్బరు గొట్టం పెట్టి పల్చటివేవో పోయాలి, అంతే.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గంగాలమ్మను పక్కకు పిలిచాడు. "తీగలు కత్తిరించే కటింగ్ ప్లేయర్ ఒకటి ఎప్పుడూ మంచం పక్కనే ఉంచు. వాంతి వచ్చిందంటే నోరు తెరుచుకోదు, ఊపిరాడదు. మనిషిని పక్కకి తిప్పి ఈ నిలువు తీగలు కత్తిరించెయ్. మా కోసం పరిగెత్తుకు రావద్దు. ముందు కత్తిరించు."

బోటు డ్రైవరు తన పెట్టెలోంచి ప్లేయర్ తీసిచ్చాడు. జాలారిపేటలో ఇల్లు చేరగానే దాన్ని మంచం తలవైపు మేకుకి తగిలించింది గంగాలమ్మ. అప్పట్నించి మొగుడు దగ్గినా, పొలమారినా ఆమె చెయ్యి ముందు ఆ మేకు మీదికే పోయేది.

గంజి పోసింది, పప్పుకట్టు పోసింది. పాల వాసనకే పైడయ్య మొహం తిప్పుకునేవాడు. రానురాను గంజి గొట్టాన్నీ తోసేయడం మొదలుపెట్టాడు. తిట్టడానికి నోరు లేక పళ్ళ సందుల్లోంచి బుస కొట్టేవాడు. బుగ్గలు పీక్కుపోయాయి. వల లాగిన చేతులు తెడ్డు కర్రల్లా సన్నబడ్డాయి.

ఇల్లు గడవాలి గనక, అత్త పోతమ్మని కొడుకు దగ్గర కూర్చోబెట్టి, ఎండుచేపల తట్ట నెత్తికెత్తుకుని కంచరపాలెం వెళ్ళింది గంగాలమ్మ. అక్కడ కాంతమ్మగారిది తెలిసిన ఇల్లు. గోదావరి వైపునుంచి వచ్చినవాళ్ళు. ఆవిడ భర్తకి పోర్టులో ఉద్యోగం.

"ఏంటే గంగాలమ్మా, ఇన్నాళ్ళూ కనబడలేదు? మనిషివి సగమైపోయావేంటి?"

గంగాలమ్మ తట్ట దించి, అరుగు మీద కూలబడి సంగతంతా చెప్పింది. "ఏటి సెయ్యాలో తెల్డం నేదమ్మగోరు. మనిసి ఎండిపోతన్నాడు. ఆ గంజిలో బలవేటుంటాది?"

కాంతమ్మగారు లోపలికి వెళ్ళి డబ్బాలోంచి నువ్వులు పొట్లం కట్టి తెచ్చింది. "జబ్బుపడి లేచినవాళ్ళకి మా పుట్టింటి వైపు ఇదే పెడతారు. వేయించకు, వేడి చేస్తుంది, అసలే నోరు పుండు. పచ్చివే నానబెట్టి గోనె మీద పోసి పాము, పొట్టు వదుల్తుంది. నీళ్ళలో వేసి ఆ పొట్టు తేల్చెయ్. పప్పుని ఎండలో బాగా ఆరబెట్టు. రుబ్బేటప్పుడు చుక్క నీళ్ళు పొయ్యకు, దాని నూనెలోనే అది నలగాలి. ఆ ముద్దని పల్చటి బెల్లం నీళ్ళలో కలిపి, గుడ్డలో వడగట్టి పట్టవే."

గంగాలమ్మ ఇంటికొచ్చి పొట్లం విప్పేసరికి పోతమ్మ గుండెలు బాదుకుంది. "నువ్వులేటే? సచ్చినోల్లకి వదుల్తారు నువ్వులు. బతికున్నోడి నోట్లో పోత్తావా?"

"ఏటీ పొయ్యకపోతే మాత్రం బతుకుతాడేటత్తా?" అనేసి, అన్నందుకు నాలిక్కరుచుకుంది గంగాలమ్మ.

మర్నాడు పప్పు ఎండుతున్నంతసేపూ రోలు కడుగుతూనే ఉంది. పులుసుల కోసం మిరపకాయలు నూరీ నూరీ ఎర్రబారిన రోలది. కారం తగిలితే పుండ్లు భగ్గుమంటాయి. పీచుతో, బూడిదతో తోమి, వేలు రాసి నాకి చూసి, మళ్ళీ తోమింది. రుబ్బడం మొదలుపెడితే ముందు పొడి పొడిగా చెదిరింది, తర్వాత ముద్ద కట్టి పొత్రానికి అంటుకుని కదలనని మొరాయించింది. భుజాలు లాగేస్తున్నా ఆపలేదు. చివరికి ముద్ద సడలి, నూనె పైకి తేలి, వెన్నలా జారింది.

వడగట్టి, గొట్టంలో కొంచెం పోసింది. పైడయ్య గుటక వేశాడు. గొట్టం తొయ్యలేదు. ఇంకా అన్నట్టు చెయ్యి చాపాడు. ఇన్నాళ్ళకి మనిషి అడిగాడు కదా అని గంగాలమ్మ ప్రాణం లేచొచ్చింది. గ్లాసు నిండా పోసింది. మళ్ళీ అడిగితే మళ్ళీ పోసింది. పోతమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

రోట్లో మిగిలిన ముద్ద చేత్తో ఊడ్చి తీస్తుండగా మంచం కిర్రుమంది. తిరిగి చూస్తే పైడయ్య మంచం పట్టె రెండు చేతులా పట్టుకుని లేచి కూర్చున్నాడు. కళ్ళు బయటికి వచ్చేశాయి. ముక్కులోంచి తెల్లగా కారుతోంది.

"మావా!"

ఒక్క దూకున మేకు మీది ప్లేయర్ అందుకుంది. నూనె చేతులు, అది జారి నేలమీద పడింది. తీసింది, మళ్ళీ జారింది.

"నాను సెప్నాను! నువ్వులొద్దని సెప్నాను!" పోతమ్మ ఏడుపు అందుకుంది.

"అత్తా, ఏడుపు తరవాత! తలకాయట్టుకో, పక్కకి వంచు!"

పొయ్యిలో చల్లారిన బూడిదలోకి మణికట్టుదాకా చేతులు దోపింది గంగాలమ్మ. బూడిద చేతులతో ప్లేయర్ బిగించి పట్టుకుంది. మొగుడి పెదవి పైకెత్తి మొదటి తీగ పట్టింది. టిక్కుమంది. మొహం నల్లబడుతోంది. రెండో తీగతో పాటు పెదవీ తెగింది, రక్తం కారింది. ఆగలేదు. చివరి తీగ తెగేసరికి దవడ వేలాడింది, లోపలున్నదంతా పోతమ్మ ఒళ్ళోకి కక్కేశాడు. తర్వాత కొయ్య కోసినట్టు గరగరమంటూ ఊపిరి లోపలికి పోయింది.

గంగాలమ్మ అప్పుడు ఏడ్చింది.

రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళితే మళ్ళీ తీగలు కట్టారు. డాక్టరు అంతా విని, "నువ్వుల తప్పేం లేదమ్మా. మాడిన కడుపులో ఒక్కసారే అంత పోశావు. చెంచాడు చెంచాడు పొయ్యాలి," అన్నాడు.

ఆ మాట విన్నా గంగాలమ్మకి ధైర్యం చాలలేదు. మళ్ళీ గంజే కాచింది. పైడయ్య గంజి తోసేసి రోలు వైపు వేలు చూపించాడు. ఆమె వినబడనట్టు తిరిగితే మంచం పట్టె మీద అరచేత్తో కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు.

మళ్ళీ రుబ్బింది. అత్త ఏమంటుందోనని చూసింది. పోతమ్మ మేకు మీది ప్లేయర్ తీసి, చీర చెంగుతో రెండుసార్లు తుడిచి, కొడుకు తల దగ్గర కూర్చుంది.

"పొయ్యి. సెంచాడే పొయ్యి. నాను సూత్తన్నాను."

చెంచాడు పోసి ఇద్దరూ అతని గొంతు కదలడం చూశారు. దిగింది. ఇంకో చెంచాడు. అది కూడా దిగింది. తీగలు విప్పేదాకా పూటపూటా అలాగే జరిగింది: కోడలు గొట్టంతో, అత్త ప్లేయర్‌తో, మధ్యలో మింగుతూ పైడయ్య.

దవడ కొంచెం ఎడమకి ఒరిగి అతుక్కుంది. వానలు పడకముందే పైడయ్య బోటెక్కాడు. పోతమ్మ నువ్వుల గురించి తన మాట ఎన్నడూ వెనక్కి తీసుకోలేదు. కొడుకు ఎలా తేరుకున్నాడని పేటలో ఎవరైనా అడిగితే మాత్రం, "మా కోడలు మొండిది," అని ఊరుకునేది.