జీవాలకొచ్చిన రోగాన్ని ఫోన్లో వెతికిన ముచ్చట

నేను ఐదో తరగతి దాకే చదివాను. రాయడం ఇదే మొదలు. వంకరటింకరగా ఉంటే సర్దుకోండి.

మాది చివ్వెంల దగ్గర ఊరు. గొర్రెలే మా బతుకు. ఆ ఏడాది చూలు గొర్రెలు నెలలు నిండకముందే పిల్లల్ని పడేశాయి. అదే రోజుల్లో మా ఆయనకు సాయంత్రమైతే జ్వరం, తెల్లారితే చెమట, ఒకటే కీళ్ల నొప్పులు. మనిషి సగమయ్యాడు. సూర్యాపేట దవాఖానకు పొమ్మంటే పోడు. ఊళ్లో ఆర్ఎంపీ ఉండగా దవాఖాన దేనికి? ఆ మహానుభావుడు ఏ జ్వరాన్ని చూసినా టైఫాయిడ్ అనేవాడు, సూది పొడిచేవాడు. రోగానికి అంత తొందరగా పేరు పెట్టేవాళ్లు జిల్లాలో లేరు.

కోదాడలో చదివే మా బిడ్డ సెలవులకు వచ్చింది. చదువుకున్నోళ్ల వ్యాసాలన్నీ ఒకచోట వెతుక్కునే సైటు ఉందట, పైసా కట్టక్కర్లేదట.

"జీవాలకేమైందో ఇందులో చూద్దామమ్మా," అంది.

"ఫోన్ల సూస్తే జీవాలు బాగైతయా? మిర్యాలగూడ బేరగానికి అమ్మి పారేస్త," అన్నాడు మా ఆయన, దుప్పట్లోంచే.

మొదట అన్నీ మంచుదేశాల గొర్రెలే వచ్చాయి.

"గవి మన దిక్కు జీవాలు కావు బిడ్డా," అన్నాను. ఇండియా అని కూడా కొట్టింది. ఈసారి చాలా వచ్చాయి కానీ, కొన్నింటికి పైన నాలుగు ముక్కలే కనిపిస్తాయి, మిగతాది కొనుక్కోవాలి. పెండ్లికి పిలిచి గేటు కాడ ఆపినట్టు. బిడ్డ మొత్తం ఉచితంగా ఉన్నవే చూపించమని టిక్కు పెట్టి, ఒక్కోటి చదివి తెలుగులో చెప్పింది. ప్రతిదాని చివరా ఇంకా పరిశోధన జరగాలని ఉంది. అప్పటిదాకా మా గొర్రెలు ఓపిక పట్టాలి కాబోలు.

ఒకదాని దగ్గర బిడ్డ ఆగిపోయింది. అది గొర్రెల గురించి కాదు, కాసేవాళ్ల గురించి. చచ్చిన పిల్లను వట్టి చేతులతో లాగినా, పచ్చిపాలు తాగినా, గొర్రెలు పిల్లల్ని పడేసే ఆ రోగం మనిషికి అంటుతుందట. జ్వరం వచ్చిపోతూ ఉంటుందట, చెమటలు, కీళ్ల నొప్పులట.

"నాయినా, సచ్చిన పిల్లను గుంజినంక చేతులు దేంతో కడుగుతవ్?"

"కడుగుడేంది? తువ్వాలకు తుడుస్త. మా తాత గట్లనే చేసిండు."

"గదే చేత్తోని తంబాకు నలుపుతడు," నేను అందించాను.

"జీవాల రోగం నాకెట్లొస్తది? నేనేమన్న గొర్రెనా?"

"ఆర్ఎంపీ ఎటు తోలితే అటు పోతున్నవ్. మరేంది?" అన్నాను.

పొద్దున్నే బస్సెక్కించాం. దవాఖానలో బిడ్డ ఫోన్ చూపిస్తుంటే డాక్టరు కసురుకుంటాడని నాకు గుబులు. ఆయన చదివాడు, గొర్రెల సంగతి అడిగాడు, రక్తం పరీక్ష రాశాడు. అదే రోగమని తేలింది. వారాల తరబడి గోళీలు, మధ్యలో ఆపొద్దన్నాడు. పశువుల డాక్టరు మంద రక్తం కూడా చూసేదాకా అమ్మకాలు బంద్.

ఒక సాయంత్రం మా ఆయన నుదురు చల్లగా తగిలింది. నమ్మబుద్ధి కాక మెడ మీద, వీపు మీద కూడా చెయ్యి పెట్టి చూశాను.

"ఏందే, సంతల జీవాన్ని తడిమినట్టు తడుముతున్నవ్?" అన్నాడు.

"ఊకో. జర సూడనీ," అన్నాను.