ఎర్రపొట్ట లేని ఎర్రపొట్ట పిట్ట

మ్యూజియంలో పక్షుల గది చూసుకునే పెద్దాయనకి అసలు పేరొకటి ఉండేది గానీ, ఎవరేం చెప్పినా ముందు "కాదు" అనడం వల్ల అందరికీ ఆయన కాదుగారే. "వానొస్తోంది సార్" అంటే, తడుస్తూనే "కాదు! రుజువేదీ?" అని కస్సుమనేవారు.

ఆయన కింద పనిచేసే అమ్మాయిది తాత్కాలిక ఉద్యోగం. కొండ అడవుల నుంచి వచ్చిన పేరు తెలియని గోధుమరంగు పిట్ట ఒకటి, ప్రాణం లేనిది, బల్ల మీదుంది. దాన్ని సొంతంగా గుర్తుపట్టి డైరెక్టర్ గారి ముందు నిరూపిస్తే ఉద్యోగం ఖాయం. లేకపోతే నెలాఖరుకి ఇంటికే.

అమ్మాయి మొదటి రోజే పట్టేసింది. "పురుగుల్ని తినే పిట్ట సార్. ఎర్రపొట్ట నిల్తవా."

"కాదు! పొట్ట ఎరుపేదీ?"

"ఎరుపు మగదానికి. ఇది ఆడది."

"కబుర్లొద్దు, రుజువు!"

మెడ పక్కన చిన్న నీలిమచ్చ చూపించింది. "కాదు! అది పెద్ద నిల్తవా అనే వేరే జాతికీ ఉంటుంది." గొంతు మీద తెల్లమచ్చ చూపించింది. "కాదు! దూది అంటుకుందేమో." భూతద్దం పెట్టి ఈక ఈకా చూపిస్తే, అద్దం మురికిగా ఉందని ఒంటికాలి మీద లేచారు. రెండు వారాలు ఇదే వరస. అమ్మాయికి ఒళ్లు మండిపోయింది. ఇంట్లో వాళ్లమ్మ "అన్నం పెట్టనా?" అన్నా "కాదు!" అని అరిచింది.

శుక్రవారం డైరెక్టర్ గారొచ్చారు. "పొట్ట ఎరుపేదమ్మా?" అని గద్దించారు. అమ్మాయి చెప్పింది.

"నీలిమచ్చ పెద్ద నిల్తవాకీ ఉంటుందిగా?"

"దానికి గొంతు మీద తెల్లమచ్చ ఉండదు సార్."

"దూదేమో?"

శుభ్రంగా తుడిచిన భూతద్దం ఆయన చేతికిచ్చింది. డైరెక్టర్ గారు చాలాసేపు చూసి, "నీ ఉద్యోగం ఖాయం. రిజిస్టర్ తే, రాసేద్దాం" అన్నారు.

రిజిస్టర్లో అప్పటికే రాసుంది. పిట్ట పేరు, గుర్తించినవారి గడిలో అమ్మాయి పేరు, రెండు వారాల కిందటి తేదీ. చేతిరాత కాదుగారిది.

డైరెక్టర్ గారు అటు వెళ్లగానే అమ్మాయి విరుచుకుపడింది. "మొదటి రోజే ఒప్పుకున్నారా! మరి నన్నెందుకలా కాల్చుకుతిన్నారు?"

"నీ వయసులో నేనూ ఓ పిట్టకి సరైన పేరే చెప్పా," అన్నారాయన, ఇంకా కోపంగానే. "అప్పటి డైరెక్టర్ ఒక్క గద్దింపుకే మాట మార్చేశా. ముప్పై ఏళ్లుగా అది మూడో సొరుగులో తప్పుడు పేరుతో పడుంది."

అమ్మాయికి కోపం ఎటుపోయిందో తెలియలేదు. సొరుగు లాగి ఆ పిట్టని బల్ల మీద పెట్టింది. పక్కనే ఆయన కుర్చీ వేసింది.

"కూర్చోండి సార్. అసలు పేరేంటో, ఎందుకో చెప్పండి. నాకేం తొందర లేదు, ఇప్పుడు నాది పర్మనెంటు ఉద్యోగం."