లెన్సు మీద ఆకురాయి

నా లెన్సు వెనక, కెమెరాకు పట్టుకునే పళ్లేన్ని ఆకురాయితో అరగదీశారు. నన్ను అడగలేదు. ఆ పని చేసినవాడు ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే బ్రహ్మయ్య ఆచారి. పనిముట్టు విలువ తెలియని మనిషి కాడు. అందుకే నాకు ఇంకా మంట.

నంద్యాల బస్టాండుకు దగ్గర్లో నాకు కెమెరాలు బాగుచేసే అంగడి ఉండేది. ఈ విద్య నాకు ఎవరూ నేర్పలేదు. చెడిపోయినవాటిని విప్పి, ఏ మర ఎక్కడిదో గుర్తుపెట్టుకుని, మళ్లీ బిగించి నేర్చుకున్నాను. అంగడి మూసేయడానికి ముందటి ఏడాది, వానలు వెనక్కు తగ్గిన రోజుల్లో, ఆళ్లగడ్డ నుంచి షమీమ్ టీచర్ వచ్చారు. హైస్కూల్లో సైన్సు చెబుతారు. సంచిలోంచి గుండ్రటి ఎర్ర డబ్బా ఒకటి తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది చుక్కల్ని ఫోటో తీసే కెమెరా అన్నా. దీనికి మామూలు లెన్సు తగిలించల్ల. ఈ వారంలో పొద్దు గూకినాక పడమట తోకచుక్క కనపడతాదంట. టెలిస్కోపు పెడితే తల ఒకటే వస్తాది, తోక పట్టదు" అన్నారు.

ఆ డబ్బాకు కన్ను పెట్టి చూసే కంత లేదు, వెనక తెర లేదు. కంప్యూటరుకు తీగ తగిలిస్తేనే పని చేస్తుంది. లోపలి సెన్సారును చల్లబరిచే ఏర్పాటు మాత్రం ఉంది. చుక్కల కోసం నిమిషాల తరబడి వెలుతురు పట్టాలి. సెన్సారు వేడెక్కితే ఫోటో నిండా ఇసుక చల్లినట్టు మచ్చలు పడతాయి. అందుకే ఆ చల్లదనం.

కొత్త లెన్సుల్లో వెలుతురు కంతను పెంచాలన్నా తగ్గించాలన్నా కెమెరా కరెంటు ద్వారా చెప్పాలి. ఈ డబ్బాకు ఆ భాష రాదు. చేత్తో తిప్పుకునే పాత లెన్సు కావాలి. నా దగ్గర నూట ముప్పై అయిదు మిల్లీమీటర్లది ఉంది. బ్రహ్మయ్య చెక్కిన విగ్రహాలన్నిటినీ దానితోనే ఫోటో తీశాను. దూరపు ఊళ్లవాళ్లు ఆ ఫోటోలు చూసే విగ్రహం ఖాయం చేసుకునేవారు. దేవుడి ముక్కు ఉబ్బకుండా, చెవులు వెనక్కు పోకుండా ఉన్నదున్నట్టు చూపించే లెన్సు అది. తోకచుక్క అంటే మళ్లీ వచ్చేది కాదు. టీచర్ ముఖం చూసి, ఇస్తానన్నాను.

ప్రతి లెన్సూ సెన్సారుకు ఒక కచ్చితమైన దూరంలో కూర్చోవాలి. నా లెన్సుకు అది నలభై ఆరున్నర మిల్లీమీటర్లు. ఎర్ర డబ్బాలో సెన్సారు పదిహేడున్నర లోతున ఉంది. మిగిలిన ఇరవై తొమ్మిదినీ మధ్యలో ఒక ఉంగరం పూరించాలి. టీచర్ తెప్పించిన ఉంగరం వదులుగా ఊగుతోంది. ఇంకొకటి వచ్చేలోగా తోకచుక్క వెళ్లిపోతుంది. అంగడిలో పడి ఉన్న ఒక పాడైన కెమెరా నుంచి లెన్సు కూర్చునే పళ్లెం తీసి ఒక కొసకు, ఆ వదులు ఉంగరం మరచుట్టు ఇంకో కొసకు పెట్టి, మధ్య భాగం ఇత్తడితో చేయిద్దామనుకున్నాను. ఇత్తడి కలశాలు గుండ్రంగా చెక్కుకోవడానికి బ్రహ్మయ్య దగ్గర చిన్న లేతు మిషను ఉంది.

టీచర్‌తో కలిసి ఆళ్లగడ్డ బస్సెక్కాను. బ్రహ్మయ్య డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏందప్పా ఇది, కెమెరానా, సున్నం డబ్బానా? ఆకులు యాడ పెట్టుకోవల్ల?"

"నవ్వు నవ్వు. ఇరవై తొమ్మిది కొలత. దానికి వెంట్రుకంత తక్కువ చెయ్యి, ఎక్కువ మాత్రం వద్దు" అన్నాను.

అతనికి అది మింగుడుపడలేదు. "తక్కువ చేయమంటాండావా? నా జన్మలో ఎవురూ చెప్పలేదప్పా ఆ మాట. ముక్కు కాడ రవ్వంత తక్కువైతే ఏం చేస్తావ్, అన్నం మెతుకు పెట్టి అతికిస్తావా?"

శిల్పులు ఎప్పుడూ కాస్త రాయి మిగిల్చే చెక్కుతారు. చివరి మెరుగులో ఆ మిగులు పోతుంది. లెన్సు పని దీనికి తలకిందులు. ఉంగరం కొంచెం పలచనైతే లెన్సును ఇంకాస్త తిప్పి సరిచేసుకోవచ్చు. మందమైతే దగ్గరి వస్తువులు కనపడతాయి గాని, లెన్సు చివరిదాకా తిప్పినా చుక్క చుక్కగా కుదరదు. ఈ సంగతి విడమరిచి చెప్పాను. "సరేలేప్పా, తలకాయ తినొద్దు" అన్నాడు. మరుసటి రోజు మా ఇంటావిడకు కంటి ఆపరేషను. ఉంగరం తయారయ్యేదాకా ఉండే వీల్లేక, లెన్సును టీచర్ చేతిలో పెట్టి నంద్యాల వచ్చేశాను. ఆ పూట ఆగి ఉంటే ఉంగరం కొలిచి చూసేవాణ్ణి. ఆగలేకపోయాను.

మరుసటి సాయంత్రం నేను ఆస్పత్రి వరండాలో ఉండగా టీచర్ ఫోన్ చేశారు. బడి మిద్దె మీద అన్నీ అమర్చుకున్నారట. "లెన్సు చివరికంటా తిరిగిపోయిందన్నా. చుక్కలు బొరుగుల మాదిరి ఉబ్బినాయి. సన్నగా కావడం లేదు."

విన్న వెంటనే తెలిసిపోయింది, ఉంగరం మందమైందని. "ఆచారి దగ్గరకు తీసుకుపోండి, ఉంగరాన్నే లేతు మీద పలచన చేయమనండి. లెన్సు జోలికి పోవద్దనండి" అన్నాను. టీచర్ ఆ మాట చెప్పారు. చెప్పానని తర్వాత నాతో ప్రమాణం చేసినంత పని చేశారు.

బ్రహ్మయ్య తన ఉంగరాన్ని తన కొలబద్దతో కొలుచుకుని, అందులో తప్పు లేదన్నాడట. టీచర్ ఇంటికెళ్లాక, లెన్సు వెనక మరలు విప్పి, కెమెరాకు పట్టుకునే పళ్లెం ఊడదీసి, దాని అడుగును ఆకురాయితో రాశాడు. మరునాడు టీచర్ వచ్చేసరికి మళ్లీ బిగించి పెట్టి, "ఇప్పుడు చూసుకోమ్మా" అన్నాడట.

చేతి రాపిడిలో నాలుగు పక్కలా ఒకే మందం రావడం అసాధ్యం. ఆ సాయంత్రం ఫోటోలో మధ్య చుక్కలు సూదిమొనల్లా వచ్చాయి. ఒక పక్కవి మాత్రం వడ్లగింజల్లా సాగిపోయాయి. తోకచుక్క తల మధ్యలో ఉంది, తోక సరిగ్గా ఆ చెడిన పక్కకే పోయింది. టీచర్‌కు కావలసింది తోక. ఆ తర్వాత సాయంత్రాలు మబ్బు పట్టాయి. మబ్బు విడిచేసరికి తోకచుక్క కంటికి ఆనడం మానేసింది.

"తల అయితే వచ్చింది గదన్నా" అంటూ టీచర్ లెన్సు తెచ్చి ఇచ్చారు. ఆ మాట నన్ను ఓదార్చడానికి అన్నారు, ఆమె కళ్లలో నీళ్లున్నాయి. విప్పి చూశాను. పళ్లెం మీద అడ్డదిడ్డంగా గీతలు. రజను లెన్సు తిరిగే మరల్లోకి దిగి ఉంది. పలచటి ఇత్తడి రేకు ముక్కలు అడుగున పెట్టి వంకర కొంత తీశాను. రజను కోసిన మరలను మాత్రం బాగుచేయలేకపోయాను. ఎవరెవరి కెమెరాలో బాగుచేసిన చేతులు ఇవి. ఇప్పటికీ ఆ లెన్సు తిప్పితే మధ్యలో పట్టేస్తుంది.

లెన్సు తీసుకుని ఆళ్లగడ్డ వెళ్లాను. బ్రహ్మయ్య నంది విగ్రహానికి మెడ గంటలు చెక్కుతున్నాడు. తలెత్తలేదు.

"ఆచారీ, ఉంగరం ఇంకొకటి చేసుకోవచ్చు. ఇది చేసుకోలేం. దీనికెందుకు పెట్టినావ్ ఆకురాయి?"

"ఫోటో వచ్చిందా, ల్యాదా?"

"నేను అడిగింది అది కాదు."

"పని కానిచ్చుకోనీ ఓబులేసప్పా. బేగా పోవల్ల ఇది, బండి వస్తాంది."

అంతే. తర్వాత ఫోన్ చేస్తే ఎత్తలేదు. అంగడి మూసేసిన రోజు కూడా రాలేదు. అతని విగ్రహాల ఫోటోలు ఇప్పుడు ఫోన్లతోనే తీస్తున్నారు. ముక్కులు ఉబ్బి కనిపిస్తున్నాయి. చెప్పేవాడు లేడు.

ఈ పనిలోకి కొత్తగా దిగేవాళ్లకు నాకు తెలిసింది చెబుతాను. రెండు వస్తువులు కలవనప్పుడు, మళ్లీ చేసుకోగలిగినదాన్నే ముట్టుకోవాలి. తప్పు దేనిలో ఉందో తేల్చే పని, ఆ రెండింటిలో ఒకదాన్ని తన చేత్తో చేసినవాడికి వదలకూడదు. వీలైతే మూడో మనిషి కొలవాలి.

ఈ మధ్య ఒక పెళ్లిలో బ్రహ్మయ్య నా పక్క కుర్చీలో కూర్చోవలసి వచ్చింది. అదే ప్రశ్న మళ్లీ అడిగాను. ఈసారి చెప్పాడు:

"ఉంగరం నా చేత్తో చేసినా గదప్పా. దాంట్లో తప్పుందని నా చేతికి ఎట్ల చెప్పేది? నీ లెన్సు నువ్వు చేసింది కాదు గదా."